చెల్లె పేరు మీద ఉరికిన యాసంగి

దేశం తరఫున ఆడే పిల్ల సెలవు మీద ఇంటికొస్తే ఎవరైనా కోడిని కోస్తారు. మా అమ్మా కోసింది. కానీ ఆ కూర వాసన ఇంట్లోంచి పోకముందే, "కాయ చెట్టు మీదనే ఎండుతుంది బిడ్డా, కూలోళ్లు దొరుకుతలేరు, జర కల్లంల కూసోని తాలన్న ఏరు" అని దీక్షితను తీసుకుపోయి మిరపకాయల కుప్ప ముందు కూర్చోబెట్టింది. తెల్లబడిన తాలు కాయలను ఎర్ర కాయల్లోంచి వేరు చేయడం పెద్ద పనేమీ కాదు, కూర్చుని చేసేదే. మా చెల్లె కూర్చునే పనికి అంత తొందరగా ఒప్పుకున్నప్పుడే నాకు అనుమానం రావాల్సింది. పుట్టిన కాడి నుంచి దాని కాలు ఒక చోట నిలిచింది లేదు.

అది ఆసియా కప్పుకు ముందటి యాసంగి పంట కాలం. మన ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టుకు బెంగళూరులో క్యాంపు నడుస్తోంది. మధ్యలో కొన్నాళ్లు అందరినీ ఇండ్లకు పంపి, తిరిగి వచ్చాక కప్పుకు పోయేవాళ్ల లిస్టు తీస్తామన్నారు. దీక్షిత ఎడమ వైపు వెనక ఆడుతుంది. ఆ ఒక్క జాగా కోసం క్యాంపులో ఇంకా ఇద్దరు కాచుకుని ఉన్నారు. అందుకే అది మనలాంటి వాళ్ల సెలవు కాదు. ఒక్కొక్కరి చేతికి ఒక నల్ల వాచీ కట్టి, ఏ రోజు ఎట్లా ఉరకాలో ఫోన్‌లో పంపారు. ఎంత జోరుగా ఉరికారు, గుండె ఎంత కొట్టుకుంది, అన్నీ ఆ వాచీ పట్టుకుని ఎక్కడో ఉన్న ఫిట్‌నెస్ మేడమ్‌కు చేరేస్తుంది. మా నాయిన కైలాసం దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "గిది అత్తగారి కంటె కతర్నాక్ ఉన్నది గదనే, యాడికి పోయినా కండ్లల్ల వెట్టుకుంటది" అన్నాడు. అమ్మ ఆయన్ని చూసిన చూపుకు చాయ్ తాగకుండానే చేనుకు పోయాడు.

నేనూ ఉరుకుతాను. నా ఉరుకుడును ఎవరూ టీవీలో చూపించరు, అంతే తేడా. డిగ్రీ అయిపోయాక కానిస్టేబుల్ కొలువుకు తయారవుతున్నాను. మొదటి పరీక్ష గట్టెక్కి ఈవెంట్ల కోసం ఎదురుచూస్తున్నాను. ఈవెంట్లంటే ఉరకడం, దుమకడం, గుండు విసరడం. తెల్లారకముందే మానుకోట కాలేజీ గ్రౌండులో నాలాంటి వాళ్లందరం దుమ్ము లేపుతుంటాం. చిన్నప్పుడు బళ్లో అబ్బాస్ సార్ మా అక్కాచెల్లెళ్లిద్దరి ముందూ ఒకే బంతి వేశాడు. స్పోర్ట్స్ హాస్టల్‌కు చెల్లె పోయింది, మిరప చేనుకు నీళ్లు కట్టడానికి నేను మిగిలాను. దాని మీద నాకు కోపం ఏమీ లేదు. లేదనే అనుకునేదాన్ని.

మొదటి పొద్దు ఇద్దరం కలిసే గ్రౌండుకు పోయాం. దీక్షిత మెట్టు మీద కూర్చుని బూట్ల లేసులు కట్టుకుంది. విప్పింది. మళ్లీ కట్టుకుంది.

"ఏందే, లేస్తలేవ్?" అన్నాను.

"అక్కా, కాలు గుంజుతుంది."

మోకాలి కింద, ముందటి ఎముక మీద వేలు పెట్టి చూపించింది. నేను కొంచెం నొక్కాను. అరవలేదు కానీ కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"ఎప్పటి సంది?"

"క్యాంపుల ఉన్నప్పటి సంది. ఎవలకు చెప్పలె."

"నీకేమన్న పిచ్చా? ఎందుకు చెప్పలె?"

"చెప్తె స్కానింగ్ అంటరు. స్కానింగ్ అంటె రెస్ట్ అంటరు. రెస్ట్ అంటె నా జాగల ఇంకొకతి ఉరుకుతది. నాలుగొద్దులు ఆగుతె అదే పోతది అక్కా. గీ వాచీతోనే వచ్చింది తిప్పలంత."

చేతికి ఉన్న వాచీని అది చూసిన తీరు ఇప్పటికీ నా కళ్ల ముందు ఉంది. అడగలేదు. అది ఏమీ అడగలేదు. నేనే చెయ్యి చాపాను.

"ఇటు దే. నేనెట్లాగు ఉరుకుతనే ఉన్న గదా."

"పట్టువడితె?"

"దానికి మొఖం కనవడదు, చెయ్యి ఒక్కటే కనవడుతది. ఇద్దరివి ఒక్క తల్లి కన్న చేతులే."

ఇద్దరం నవ్వుకున్నాం. నవ్వుతూ మొదలుపెట్టిన పని తప్పులా కనిపించదు. అది మెట్టు మీద కూర్చుంది, నేను దాని పేరు మీద ఉరికాను.

పొద్దెక్కాక దాని ఫోన్‌కు మేడమ్ దగ్గరి నుంచి మెసేజ్ వచ్చింది. శభాష్ దీక్షితా, చాలా బాగుంది, ఇట్లాగే కానీ, అని. కల్లంలో కాయల మధ్య కూర్చుని ఇద్దరం కలిసే చదివాం. అది ఊపిరి పీల్చుకుంది. నాకు మాత్రం లోపల ఏదో చల్లగా తాకింది. నా ఉరుకుడును చూసి అంతవరకు ఎవరూ ఒక మంచి మాట అనలేదు. నాయిన అయితే "పోలీసోళ్లకు జీపులు ఇస్తరు గదా, మల్ల గీ ఉరుకుడెందుకు" అని అడిగే మనిషి. దేశం జట్టును ఉరికించే మేడమ్ నా ఉరుకుడును బాగుందన్నది. నా పేరు తెలియకపోతే ఏమాయె.

మర్నాడు, మేడమ్ రాసి పంపిన దానికంటే ఇంకా జోరుగా ఉరికాను. ఆ మర్నాడు ఇంకా జోరుగా. మగపిల్లలు నన్ను అందుకోలేక, "ఏంది శిల్పక్కా, ఇయ్యాల పోలీసోళ్లు నీ ఎనుక వడ్డరా?" అని ఎగతాళి చేసేవాళ్లు. మేడమ్ మెసేజ్‌ల్లో చప్పట్లు కొట్టే బొమ్మలు రావడం మొదలైంది. నేను ఇంటికి పోయి చెల్లె కంటే ముందు చెల్లె ఫోన్ చూసేదాన్ని.

అమ్మకు కాలి నొప్పి సంగతి కొంత తెలుసు. "నరం పట్టింది" అని చెప్పాం. పసుపూ సున్నం కలిపి వేడి చేసి పట్టు వేసేది. దానితోనో, కూర్చోవడంతోనో, కొన్నాళ్లకు దీక్షిత మొఖం తేటపడింది. ఒక పొద్దు నాకంటే ముందే లేచి బూట్లు వేసుకుని నిలబడింది.

"అక్కా, ఇయ్యాల నేను ఉరుకుత. నొప్పి జర తగ్గింది."

"అప్పుడే తొందరేంది? ఇంకో రెండొద్దులు ఆగరాదు."

"మెల్లగ ఉరికి సూస్త."

"మెల్లగ ఉరికితె మేడమ్ ఏమనుకుంటది? నిన్నటి దాకా గట్ల ఉరికిన పిల్ల ఇయ్యాల గిట్లయిందేందని ఫోన్ జేస్తది. నువ్వు కాలు సూస్కో, గిది నేను సూస్కుంట."

ఆ మాట చెల్లె మీది ప్రేమతోనే అన్నాను. మొత్తం ప్రేమతోనే అన్నానని మాత్రం చెప్పలేను. దీక్షిత మళ్లీ కూర్చుని బూట్లు విప్పేసింది. రెండొద్దులు పోయాయి, సెలవు రోజులన్నీ పోయాయి, వాచీ నా చేతికే ఉండిపోయింది.

అబ్బాస్ సార్ ఒక్కడు పట్టుకున్నాడు. కొలువు నుంచి దిగిపోయినా రోజూ గ్రౌండుకు వచ్చి పిల్లలకు బంతి ఆట చెప్తాడు. ఒకరోజు నేను చుట్టు పూర్తి చేసి వంగి నిలబడితే దగ్గరికి వచ్చాడు.

"గది ఎవల వాచీ బేటా?"

"చెల్లెది సార్."

"మరి చెల్లె యాడున్నది?"

"కల్లంల తాలు ఏరుతుంది."

ఆయన మెడలోని విజిల్‌ను చొక్కా అంచుతో తుడుస్తూ నిలబడ్డాడు. నేను కాలి నొప్పి సంగతి చెప్పేశాను. ఆయన తిట్టలేదు.

"రోగం ఒకలిది, నాడి ఇంకొకలిది సూపెడితె హకీం ఏం మందిస్తడు బేటా?" అన్నాడు.

"ఎన్నొద్దులు సార్, క్యాంపుకు పోయేదాకనే గదా. మీరు ఎవలకు చెప్పకున్రి."

"నేను చెప్పుడెందుకు, నువ్వే చెప్పాలె." రెండడుగులు పోయి మళ్లీ తిరిగాడు. "సరే, ఉరుకుతె ఉరుకుతున్నవ్. జర మెల్లగన్న ఉరుకు."

"మెల్లగ ఉరుకుడు నాకు రాదు సార్" అని నవ్వాను. పెద్దమనిషి మాటకు అట్లా నవ్వడం ఎక్కడి తెలివో.

దీక్షిత రైలెక్కే రోజు స్టేషన్‌లో అమ్మ ఏడుస్తూ కొత్త కారం డబ్బా దాని సంచిలో కుక్కింది. నేను వాచీ విప్పి దాని చేతికి కట్టాను. నా మణికట్టు మీద ఎండ తగలని తెల్లని గీత ఒకటి మిగిలింది.

"నొప్పి పోయిందా?" అని అడిగాను.

"పోయింది" అన్నది. కొంచెం తొందరగా అన్నది.

కొన్నాళ్లకు ఫోన్ చేసింది. నేను చేనులో నడుముకు సంచి కట్టుకుని కాయ ఏరుతున్నాను. అవతల విజిళ్లు, పిల్లల కేకలు వినిపిస్తున్నాయి. దాని గొంతులో సంబరమూ ఉంది, ఇంకేదో కూడా ఉంది.

"అక్కా, మేడమ్ నన్ను మొదటి గుంపుల ఏసింది. చానమందికి సెలవు నుంచి వచ్చినంక ముందుగాల మెల్లగ మొదలువెట్టిచ్చిన్రు. నా లెక్కలు మస్తుగున్నయట. నువ్వు ఒక్కసారే పూర జోరు మీద ఉరుకొచ్చు అంటుంది. ఇంటికాడ ఉరికినట్టే ఉరుకు అంటుంది."

"కాలెట్లున్నది?"

"జర ఉన్నది."

లిస్టు ఇంకో వారంలో వస్తుంది. ఊళ్లో అందరికీ చెప్పి పెట్టుకున్నాం. నాయిన టీవీ బాగు చేయించాడు. నా కాళ్ల దగ్గర సంచి నిండా ఎర్ర కాయ ఉంది, పైన ఎండ కాలుస్తోంది. ఫోన్ పెట్టేయాలని నాకు తొందరగా ఉంది.

"జరనే గదా. ఏం గాదు, ఉరుకు" అన్నాను.

"ఉరుకాల్నా అక్కా?"

అది రెండోసారి అడిగింది. ఎప్పుడూ ఒక మాట రెండుసార్లు అడగని పిల్ల.

"ఉరుకు" అన్నాను. ఫోన్ జేబులో పెట్టుకుని మళ్లీ కాయ ఏరుకున్నాను.

దాన్ని ఎవరూ తన్నలేదు, ఎవరూ తోయలేదు. ఉరుకుతూ ఉరుకుతూ గ్రౌండు మధ్యలో కూర్చుండిపోయిందట. ఎముక విరిగింది. మొదట వెంట్రుకంత పగులే ఉండిందనీ, అది పాతదనీ, ఇంటికి పోయిన రోజుల్లోనే గట్టిగా ఆపి చూపించి ఉంటే కప్పు నాటికి మానిపోయేదనీ దవాఖానలో డాక్టర్ చెప్పాడు. పోయి తీసుకొచ్చిన నాయిన ఈ మాటలన్నీ అమ్మకు ఒకటికి రెండుసార్లు చెప్పాడు. ఆయన మనిషి మంచివాడు, విన్నది విన్నట్టు చెప్తాడు. వాకిట్లో కూర్చున్న నాకు ప్రతి మాటా వినిపించింది. లిస్టు వచ్చింది. దీక్షిత పేరు లేదు.

చూడటానికి ఇరుగుపొరుగు వాళ్లు వచ్చి కూర్చున్నారు. కాలికి పెద్ద బూటు లాంటి కట్టుతో చెల్లె మంచం మీద ఉంది. "ఎవల కండ్లు వడ్డయో పిల్ల మీద" అని ఓదెమ్మ పెద్దమ్మ అన్నదే ఆలస్యం, అమ్మ లేచింది. మా ఇంట్లో మిరపకాయలకు ఏం కరువు. రెండు గుప్పిళ్ల నిండా ఎండు కాయా, ఉప్పూ తీసుకుని దీక్షిత చుట్టూ తిప్పింది, ఊరి వాళ్ల కళ్లు, దారిన పోయే వాళ్ల కళ్లు, ఇంట్లో వాళ్ల కళ్లు అంటూ పేరుపేరునా తిట్టి పొయ్యిలో వేసింది.

దిష్టి ఉంటే కాయ ఎంత కాలినా ఘాటు రాదంటారు. మా ఇంట్లో వచ్చింది. అట్లా ఇట్లా కాదు. పొగ కమ్ముకుని అందరూ దగ్గుకుంటూ వాకిట్లోకి ఉరికారు. ఓదెమ్మ పెద్దమ్మ చెప్పులు కూడా వదిలేసి పోయింది. దీక్షిత మంచం మీదే దగ్గుతూ నవ్వుతూ, "అమ్మా, కాలు ఇరిగింది సరిపోలేదా, ఊపిరి గూడ తీస్తవా" అన్నది. ఇంటికి వచ్చాక అది నవ్వడం అదే మొదలు.

అమ్మ మాత్రం నవ్వలేదు. పొయ్యి ముందు నిలబడి ఆ పొగనే చూస్తోంది.

"దిష్టి లేదు గదనే" అన్నది. "దిష్టే గాకపోతె మరి ఎవలు జేసిన్రు గిది?"

దొంగకు తేలు కుట్టినట్టయింది నాకు. కళ్లు తుడుచుకుంటూ గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఆ పొగలో అందరి కళ్లల్లో నీళ్లు ఉన్నాయి కాబట్టి నావి ఎవరూ పట్టించుకోలేదు.

తర్వాత ఒక సాయంత్రం మేడమ్ ఫోన్ చేసింది. దీక్షిత కల్లం పక్కన మంచం మీద, అమ్మా నేనూ కింద కాయల ముందు ఉన్నాం. ఒళ్లో చాటలో కాయ ఏరుతున్న చేతులకు కారం ఉందని చెల్లె ఫోన్ స్పీకర్‌లో పెట్టింది. మేడమ్ హిందీలో మాట్లాడింది. మెసేజ్‌ల్లో చప్పట్లు కొట్టిన ఆమె గొంతు నేను వినడం అదే మొదటిసారి. పెద్దామె అనుకున్నాను, చిన్న గొంతు. తప్పంతా తనదే అన్నది. నీ లెక్కలు చూసి ఈ పిల్ల ఏదైనా తట్టుకుంటుంది అనుకున్నాను, నీ మీద ఎక్కువ బరువు వేశాను, మీటింగులో కూడా అదే చెప్పాను, నన్ను మన్నించు అన్నది. చివరి మాటకు వచ్చేసరికి ఏడ్చేసింది.

"లేదు మేడమ్, మీ తప్పేం లేదు, నొప్పి నేనే దాచాను" అన్నది దీక్షిత.

"నువ్వు నొప్పితో అట్లా ఎట్లా ఉరికావు?" అని మేడమ్ అడిగింది.

"ఉరికాను మేడమ్" అన్నది. నా వైపు చూడలేదు.

నా చేతిలో కాయ ఉంది. అది ఎర్రదో తాలో కూడా నాకు తెలియలేదు. లేచి ఫోన్ తీసుకున్నాను. నాకు వచ్చిన హిందీ అంతంతే.

"వో నై దౌడీ మేడమ్" అన్నాను. "మై దౌడీ. ఉస్కీ బహెన్."

ఉరికింది అది కాదు, దాని అక్కనైన నేను అని. అమ్మకు హిందీ రాదు, కానీ తాలు ఏరే చేతులు ఆగిపోయాయి.

ఎన్ని రోజులు, అని అడిగింది మేడమ్. అన్ని రోజులూ, అన్నాను. ఫోన్ దీక్షితకు ఇవ్వమన్నది. చెల్లె స్పీకర్ తీసేసి చెవికి పెట్టుకుంది. "జీ మేడమ్" అని, కాసేపాగి మళ్లీ "జీ మేడమ్" అని పెట్టేసింది.

నిజం చెప్తే మనసు తేలికవుతుందంటారు. అయింది కూడా. చెల్లె మొఖం చూసేదాకా.

"ఎందుకు చెప్పినవే?" అన్నది. అక్కా అనకుండా అది నాతో మాట్లాడటం నేను ఎరుగను.

"ఆమె తన మీదేసుకోని ఏడుస్తుంటె సూస్కుంట ఎట్ల ఊకుండాలె?"

"నొప్పి దాచిన పిల్ల అంటె తిట్టి మందిస్తరు. మోసం జేసిన పిల్ల అంటె మల్ల పిలుస్తరా? నన్ను అడుగకుంటనే చెప్పేస్తవా? నీ మనసు తేలిక జేసుకోను నా పేరు కరాబ్ జేసినవ్."

నేను మళ్లీ కాయల ముందు కూర్చున్నాను.

"వాచీ నేనే ఇచ్చిన. గది నా తప్పే, కాదంటలేను" అన్నది. ఇప్పుడు గొంతు తగ్గింది. అరిచినా బాగుండేది. "గంత జోరుగ ఉరుకుమని నిన్నెవలన్నరే? ఊకె మామూలుగ ఉరుకుతె అయిపోవు గదా. మేడమ్ రోజు ఆ లెక్కలు నా ముందట వెట్టేది. గిది నువ్వే గదా, మల్ల గట్ల ఉరుకు అనేది. అది అందుకుందామనే ఉరికిన. ఒక్కనాడన్న అందలె."

బాగుందని ఎవరో నాలుగు మాటలు అంటే మురిసిపోయి, విరగబోతున్న కాలు ముందు పెట్టి పోటీకి రమ్మన్నాను. అది వచ్చింది.

అమ్మ మా ఇద్దరినీ చూసింది. తిడుతుందనుకున్నాను. కొడుతుందనీ అనుకున్నాను. కొంగుతో చేతులు తుడుచుకుని లేచి ఆకాశం చూసింది.

"మొగులైంది. కాయ మీద పట్టా కప్పున్రి" అన్నది.

కప్పు మొదలైంది. నాయిన బాగు చేయించిన టీవీ ముందు దీక్షిత ఒక్కతే కూర్చుని చూసింది, కాలు మిరప బస్తా మీద పెట్టుకుని. దాని జాగాలో ఆడిన పిల్ల బాగా ఆడింది. ఆ పిల్ల బంతి ఆపినప్పుడల్లా మా చెల్లె గట్టిగా అరిచేది, చప్పట్లు కొట్టేది. పక్క గదిలో వడ్లు చెరుగుతున్నట్టు నటిస్తూ నేను వినేదాన్ని. అది నాతో మాట్లాడటం మానేసింది. ఉప్పు కావాలన్నా అమ్మనే అడిగేది. నేను ఉరకడం మానేశాను. గ్రౌండులో పిల్లలు అడిగితే నడుము నొప్పి అన్నాను. మెల్లగా మణికట్టు మీది తెల్ల గీత కూడా ఎండకు కలిసిపోయింది.

ఆ ఎండాకాలంలోనే ఈవెంట్ల తారీఖు వచ్చింది. భూపాలపల్లిలో. ముందు రోజే పోయి, సింగరేణిలో పనిచేసే మా మామ సోమనర్సయ్య ఇంట్లో ఉండాలి. నేను సంచి సర్దుకోలేదు. బయల్దేరాల్సిన రోజు పగటి అన్నం తిని ముసుగు తన్ని పడుకున్నాను. మంచం కోడు మీద కర్రతో టకటకా కొట్టిన చప్పుడైంది.

"లే" అన్నది దీక్షిత. ఎన్నాళ్లకు విన్నానో ఆ ఒక్క అక్షరం.

"నేను పోను."

"ఎందుకు?"

"మనసొప్పుతలేదు."

"నువ్వు పండుకుంటె నా కాలి బొక్క అతుక్కుంటదా? ఒక్క యాసంగిల ఇంట్ల రెండు కొలువులు పోవాల్నా? లే, అబ్బాస్ సార్ ఆటో తీస్కొచ్చిండు. సారు, నేను గూడ వస్తున్నం."

బస్సులో కిటికీ పక్కన కూర్చుని కాలు నా ఒళ్లో పెట్టింది. జాగా లేక పెట్టిందా, కావాలనే పెట్టిందా అడగలేదు. వరంగల్ దాటి, పరకాల దాటి భూపాలపల్లి వచ్చేదాకా రెండు చేతులతో ఆ కాలును పట్టుకుని కూర్చున్నాను.

మర్నాడు ఉరికాను. జనగామ నుంచి వచ్చిన ఒక పిల్ల చివరిదాకా పక్కనే ఉండి భయపెట్టింది కానీ మా గుంపులో నేనే ముందు గీత దాటాను. అబ్బాస్ సార్ కంచె అవతల నుంచి విజిల్ ఊది పోలీసుల చేత తిట్టు తిన్నాడు. దీక్షిత కర్ర మీద ఆనుకుని నిలబడి ఉంది. వగరుస్తూ దగ్గరికి పోయాను.

"పాసయినవ్ తియ్యి" అన్నది. కర్ర ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుని, "గని గప్పటి ఉరుకుడు లేదక్కా" అన్నది.

"లేదు" అన్నాను.

అక్కా అన్నది. అది నాకు చాలనిపించింది, చాలకూడదని కూడా తెలుసు.

మిరుగం కార్తె చినుకులు పడి, మిరప కట్టె పీకేసి చేను దున్నే రోజులకు దాని కాలి కట్టు తీసేశారు. మేడమ్ నుంచి మెసేజ్ వచ్చింది. చప్పట్ల బొమ్మలు లేవు. మెల్లగా మొదలుపెట్టి రోజూ పంపు, తర్వాత చూద్దాం, మాట ఏమీ ఇవ్వను. కింద ఇంకో వాక్యం, ఈసారి నీ కాళ్లతో. దీక్షిత అది నా ముందు బయటికి చదివింది. నాకు వినబడాలనే చదివింది.

తెల్లారి గ్రౌండుకు పోయాం. అది మెట్టు మీద కూర్చుని లేసులు కట్టుకుంది, చేతికి వాచీ కట్టుకుంది. నేను పక్కన మెట్టు మీదే కూర్చున్నాను.

"రా" అన్నది.

"నేనెందుకు?"

"ఒక్కదాన్నే అయితె జోరైతది. పక్కపొంటి రా. నా ముందల వడకు."

ఉరికాం. ఉరుకుడు అనడానికి కూడా లేదు. షుగర్ తగ్గాలని నడిచే పెద్దమనుషులు మమ్మల్ని దాటి పోతూ వెనక్కి తిరిగి చూశారు. అబ్బాస్ సార్ చిన్న పిల్లల నడుమ బంతి కింద పెట్టి నిలబడ్డాడు, విజిల్ నోట్లో పెట్టుకున్నాడు కానీ ఊదలేదు. దీక్షిత ఒక్కో అడుగు చూసి చూసి వేస్తోంది. ఎడమ కాలు నేలకు ఆనినప్పుడల్లా దాని పెదవి బిగుసుకుంటోంది, లేచినప్పుడు వదులవుతోంది. ఆ పెదవినే చూస్తూ నేనూ అట్లాగే అడుగు వేశాను. జన్మలో అంత మెల్లగా నేను ఎప్పుడూ ఉరకలేదు.

దాని అడుగడుగుకూ నేను ఊపిరి బిగబట్టానేమో, చుట్టు సగం కూడా కాలేదు, నాకు ఊపిరి అందలేదు. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని అక్కడే నిలబడిపోయాను. దీక్షిత ఆగలేదు. అదే మెల్లని ఉరుకుతో నన్ను దాటి ముందుకు పోయింది.